ప్రొఫెసరయ్యాక రాద్దాంలే అనుకోకు

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. ఉద్యోగంలో చేరినందుకు సంతోషం. మొదటి జీతంతో మీ అమ్మకి చీర కొన్నావని తెలిసి ఇంకా సంతోషం. ఇక నువ్వడిగిన మాట. డిపార్ట్‌మెంటులో పెద్దవాళ్ళు నిన్ను కూర్చోబెట్టి, "ముందు పేపర్లు వెయ్యమ్మా, ప్రాజెక్టులు తెచ్చుకో, తెలుగులో పిల్లలకి సైన్సు రాయడం లాంటివి ప్రొఫెసరయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు" అన్నారనీ, అందులో నిజమెంత అనీ కదా?

మొదటి సగం నిజం. పేపర్లు వెయ్యాల్సిందే. వారానికి పదహారు గంటల క్లాసులు నెత్తిమీద పెట్టుకుని పరిశోధన చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా దాన్ని వదిలేస్తే మిగతా రెండూ, పాఠమూ రాతా, చప్పబడిపోతాయి. రెండో సగం మాత్రం ఈ చెవిన విని ఆ చెవిన వదిలెయ్యి. వాళ్ళేదో చెడ్డ ఉద్దేశంతో అన్నారని కాదు. వాళ్ళ వయసులో వాళ్ళకీ ఎవరో ఇదే చెప్పి ఉంటారు. డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పుకుంటూ గడిపినన్నాళ్ళూ నేను ఇలాంటి మంచి మంచివాళ్ళని చూశాను. ప్రమోషన్లొచ్చాయి, తీరికా దొరికింది, తీరా కాగితం ముందు కూర్చుంటే చెయ్యి సాగలేదు. ఆవకాయంటే ఏడాదికోసారి పెట్టుకుంటాం, సరిపోతుంది. రాయడం పెరుగు తోడుపెట్టడం లాంటిది, నిన్నటి పెరుగు కాస్త మిగిలితేనే ఇవాళ్టి పాలు తోడుకుంటాయి.

నువ్వు చిన్నప్పటినుంచీ ఉత్త మాట వినేదానివి కాదు, ఉదాహరణ చూపించమంటావు. అందుకని జయంత్ నార్లీకర్‌గారి సంగతి చెప్తాను. 2025 మే 20న పుణేలో పోయారాయన, ఎనభయ్యారేళ్ళ వయసులో. మరాఠీవాడు, ఖగోళభౌతికశాస్త్రం చదివినవాడు. మన తెలుగువాళ్ళతో ఆయనకున్న లంకె ఒకటుంది, అది తరవాత చెప్తాను. పరిశోధన, పాఠం, జనానికి రాయడం ఈ మూడూ ఒకే మనిషి చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మన దేశంలో ఆయన్ని మించిన ఉదాహరణ నాకు తట్టదు. ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పబోవడం లేదు. ఆయనతో ఒప్పుకోనివీ ఉన్నాయి.

1938 జులై 19న కొల్హాపూర్‌లో పుట్టారు, పెరిగింది కాశీలో. తండ్రి విష్ణు వాసుదేవ్ నార్లీకర్ బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో గణితం ప్రొఫెసరు. తల్లి సుమతిగారు సంస్కృతం చదువుకున్నావిడ. ఎమ్మెస్సీ చదువుకోవడానికి వాళ్ళింట్లో ఉన్న మేనమామ ఒకాయన, ఇంట్లో నల్లబోర్డు మీద "జె.వి.ఎన్.కి సవాలు" అని రాసి కింద ఒక లెక్క వేసేవాడట. కుర్రవాడు చేసేదాకా అది బోర్డు మీద అలాగే ఉండేది. గడువు లేదు, మార్కులు లేవు. మేనమామ వచ్చి సాయం చేసేవాడూ కాదు. ఈ సంగతి చదివినప్పుడల్లా మన క్లాసుల్లో ఆ బోర్డేదీ అనిపిస్తుంది. మన దగ్గర ఏ ప్రశ్న వేసినా గంట కొట్టేలోపల జవాబు రాసేయాలి, లేకపోతే సిలబస్ ఆగిపోతుంది. నీ క్లాసులో బోర్డు కుడివైపు పైమూల ఒక జానెడు చోటు వదిలిపెట్టు. అందులో ఒక ప్రశ్న రాసి, కింద "తుడవకండి" అని రాయి. వారమైనా నెలైనా ఉండనీ. పరీక్షకి రాదని ముందే చెప్పెయ్యి, అప్పుడు గానీ నిజంగా ఆలోచించేవాళ్ళెవరో నీకు తెలియదు.

కాశీలో బీఎస్సీ అయ్యాక 1957లో కేంబ్రిడ్జికి వెళ్ళారు. ట్రైపోస్, టైసన్ పతకం, అవన్నీ వదిలేస్తాను. అసలు కథ ఫ్రెడ్ హోయల్ దగ్గర పరిశోధనకి చేరడంతో మొదలవుతుంది. నీ పెద్దలకి సరైన జవాబు నార్లీకర్‌గారి కంటే ఆయన గురువు దగ్గరే ఉంది. 1957లో హోయల్ మరో ముగ్గురితో కలిసి ఒక పెద్ద పేపరు అచ్చువేశాడు. మన రక్తంలో ఇనుమూ, ఎముకల్లో కాల్షియమూ ఎక్కడినుంచి వచ్చాయంటే నక్షత్రాల కడుపులోనించి అని లెక్కలతో సహా చెప్పిన పేపరది. అదే ఏడు ఆయన రాసిన సైన్సు నవల 'ది బ్లాక్ క్లౌడ్' కూడా వచ్చింది. కేంబ్రిడ్జిలో ప్లూమియన్ ప్రొఫెసరు పదవి దక్కింది ఆ మరుసటి ఏడు, 1958లో. అంటే ప్రొఫెసరు కాకముందే, జీవితంలో అతి పెద్ద పేపరు వేసిన ఏడాదే, నవల కూడా. దానికి ముందు బీబీసీ రేడియోలో ప్రసంగాలు చేశాడు. 'బిగ్ బ్యాంగ్' అన్న మాట 1949లో ఆ రేడియోలోనే ఆయన నోట వచ్చింది. ఆ సిద్ధాంతం ఆయనకి గిట్టదు, అయినా పేరు ఆయన పెట్టిందే నిలిచింది. చిత్రమే.

హోయల్‌కి నచ్చిన సిద్ధాంతం స్థిరస్థితి విశ్వం. 1948లో ఆయనా, బాండీ, గోల్డ్ ప్రతిపాదించారు. విశ్వం వ్యాకోచిస్తోంది నిజమే, గెలాక్సీలు దూరమవుతున్నాయి, ఆ ఖాళీలో కొత్త పదార్థం నెమ్మదిగా పుడుతుంటుంది కాబట్టి ఎప్పుడు చూసినా విశ్వం ఒకేలా ఉంటుంది, దానికి మొదలూ లేదు చివరా లేదు అంటుందది. ఎంత నెమ్మదిగా అంటే ఒక ఘనపు మీటరు చోటులో ఒక్క హైడ్రోజన్ పరమాణువు పుట్టడానికి వందల కోట్ల ఏళ్ళు. ప్రయోగశాలలో ఎవరూ పట్టుకోలేరు. మరి దాన్ని తప్పని నిరూపించడమెలా? ఆ పని కేంబ్రిడ్జిలోనే ఉన్న మార్టిన్ రైల్ మొదలుపెట్టాడు. ఇక్కడ కాస్త ఆగి చదువు, ఇది నీ పిల్లలకి చెప్పదగ్గ భౌతికశాస్త్రం.

ఆకాశంలో రేడియో తరంగాలు పంపే మూలాలు అన్నివైపులా ఒకేలా పరుచుకున్నాయనుకో. ఫలానా ప్రకాశం కంటే ఎక్కువున్నవి ఎన్నో లెక్కపెట్టావు. ఇప్పుడు దాంట్లో నాలుగోవంతు ప్రకాశం ఉన్నవాటిదాకా లెక్కపెట్టు. విలోమవర్గ నియమం ప్రకారం ప్రకాశం నాలుగోవంతు అంటే దూరం రెట్టింపు, దూరం రెట్టింపైతే ఘనపరిమాణం ఎనిమిది రెట్లు. కాబట్టి సంఖ్య ఎనిమిది రెట్లవ్వాలి. స్థిరస్థితి విశ్వంలో వ్యాకోచం వల్ల ఎనిమిదికి కాస్త తక్కువే రావాలి. రైల్ లెక్కలో ఎనిమిదికి మించి వచ్చింది. దూరాన ఉన్నవంటే పాతకాలానివి కదా, కాంతి ఇక్కడికి చేరడానికి అంతకాలం పట్టింది మరి. అంటే పాతకాలంలో అలాంటి మూలాలు ఎక్కువున్నాయి, విశ్వం మారుతూ వచ్చింది, స్థిరస్థితి తప్పు. పదో తరగతి గణితంతో విశ్వం చరిత్రని నిలదీయడమంటే ఇదే!

1961 ఫిబ్రవరిలో రైల్ ఈ ఫలితాన్ని పత్రికలవాళ్ళని పిలిచి మరీ ప్రకటించాడు. లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభలో దానికి జవాబు చెప్పాలి. హోయల్‌కి అదే సమయానికి ముందే ఒప్పుకున్న ఉపన్యాసం మరోచోట ఉంది. వెళ్ళింది ఎవరూ? పరిశోధనలో చేరి ఇంకా ఏడాది కూడా నిండని ఇరవైరెండేళ్ళ నార్లీకర్. ఎదురుగా రైల్, చుట్టూ ఆ శాస్త్రంలో ఉద్దండులు. గెలాక్సీలు పెద్ద పెద్ద గుంపులుగా, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలతో ఉండొచ్చనీ, మనం మూలాలు పలచగా ఉన్న తావులో ఉంటే దగ్గరవి తక్కువై, దూరానివి ఎక్కువైనట్టు అనిపించొచ్చనీ గురుశిష్యులు లెక్కలు కట్టి పెట్టుకున్నారు. అదే చెప్పి వచ్చారాయన.

ఆ వాదంలో ఎవరు గెలిచారంటే రైలే గెలిచాడు. తరవాతి లెక్కలు ఆయనవైపే మొగ్గాయి. 1965లో పెంజియస్, విల్సన్ ఆకాశం నలుమూలల నుంచీ వచ్చే మూడు డిగ్రీల కెల్విన్ సూక్ష్మతరంగాలని పట్టుకున్నాక స్థిరస్థితికి కాలు నిలవలేదు. కానీ ఆ రోజు కుర్రవాడు చెప్పిన గెలాక్సీ గుంపులూ ఖాళీలూ ఉన్నాయే, అవి కొన్నేళ్ళ తరవాత ఆకాశపు పటాలు గీస్తున్నప్పుడు నిజంగానే బయటపడ్డాయి. ఓడిన వాదంలో కూడా పనికొచ్చే ముక్క ఒకటి మిగిలింది. ఎందుకు మిగిలింది? ఎదుటివాడు కొలిచి చూసుకోగలిగేలా చెప్పారు కాబట్టి.

నేను నీకు చెప్పదలచుకున్నదంతా ఈ ముక్కలోనే ఉందమ్మా. పేపరు రాసినా, క్లాసు చెప్పినా, పేపరువాళ్ళ ఆదివారం అనుబంధానికి పిల్లల వ్యాసం రాసినా చేసేది ఒకటే పని. నువ్వు చెప్పినదాన్ని ఎదుటివాడు తన చేత్తో పరీక్షించుకోగలగాలి. రిఫరీ అయినా, బీఎస్సీ పిల్లాడయినా, మన వీధి చివర కిరాణా కొట్టు ఆయనయినా సరే. "పెద్దవాళ్ళు కనిపెట్టారు, నమ్మెయ్యి" అని రాస్తే అది సైన్సు వ్యాసం అవ్వదు, పురాణ కాలక్షేపం అవుతుంది. మూడూ ఒకటే పని అయినప్పుడు ఒకదాన్ని పాతికేళ్ళు వాయిదా వెయ్యడంలో అర్థం లేదు.

1964 జూన్‌లో హోయల్, నార్లీకర్ కలిసి కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని రాయల్ సొసైటీలో వినిపించారు. అప్పుడు సభలోంచి లేచి, మీ లెక్కలో ఈ రాశి అనంతానికి పోతుంది అని ఎత్తిచూపిన కుర్రవాడు స్టీఫెన్ హాకింగ్. ఆ లెక్కల ప్రతి నార్లీకర్ గదిలోనే ముందుగా చూసి పనిచేసుకున్నాడు. దాచుకోకుండా చూపించినవాడికి సభలో ఇలాంటి దెబ్బ తగులుతుంది. రేపు నీకూ తగలొచ్చు. అయినా చూపించడం మానకు. నార్లీకర్‌గారు మానలేదు, హాకింగ్‌తో స్నేహమూ చెడలేదు.

ఆ సిద్ధాంతం పుణ్యమా అని ఇక్కడ పత్రికలు ఆయన్ని ఆకాశానికెత్తాయి. 1965లో పద్మభూషణ్ ఇచ్చారు, ఇరవయ్యారేళ్ళకి! అంత చిన్నవయసులో అంత పేరు మనిషిని పాడుచేస్తుంది సాధారణంగా. ఆయన మళ్ళీ కేంబ్రిడ్జికి వెళ్ళి పని చేసుకున్నారు. 1972లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కి ప్రొఫెసరుగా తిరిగి వచ్చేశారు.

ఇప్పుడు ఒప్పుకోని సంగతి. నార్లీకర్‌గారు చివరిదాకా బిగ్ బ్యాంగ్‌ని ఒప్పుకోలేదు. 1993లో హోయల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి స్థిరస్థితికి మెరుగులు దిద్ది మళ్ళీ ముందుకి తెచ్చారు. నా మట్టుకు నాకు ఆ వాదం నిలబడలేదనే అనిపిస్తుంది. సాక్ష్యాలన్నీ ఒకవైపు మొగ్గాక కూడా రెండోవైపు అంతకాలం నిలబడటం కొంత మొండితనమే. కానీ ఆ మొండితనాన్ని ఆయన క్లాసులోకి తేలేదు, చూశావా? 1983లో ఆయన రాసిన విశ్వవిజ్ఞాన పాఠ్యపుస్తకం తీసి చూడు. అందరూ ఒప్పుకున్న బిగ్ బ్యాంగ్ విశ్వాన్ని పూర్తిగా, లోటు లేకుండా చెప్పి, తన మార్గాన్ని విడిగా పెట్టారు. ఆయన శిష్యుడు పద్మనాభన్ గురువుగారి దారిలో నడవలేదు, సొంతదారి వేసుకుని మహా పండితుడయ్యాడు. ఇద్దరూ కలిసి పుస్తకమూ రాశారు. రేపు నీ దగ్గరా పరిశోధక విద్యార్థులు చేరతారు. వాళ్ళు నీ అభిప్రాయానికి అడ్డం పడినా వాళ్ళ థీసిస్ ముందుకి నడిపించగలవా? ఇప్పటినుంచే అలవాటు చేసుకో. మన యూనివర్సిటీల్లో ఇది అరుదుగా కనిపిస్తుంది.

రాత సంగతికొద్దాం. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ సైన్సు కథల పోటీ పెట్టింది. నార్లీకర్‌గారు 'కృష్ణ వివర్' అని కృష్ణబిలం మీద ఒక కథ రాసి పంపారు. సొంతపేరుతో కాదు, నారాయణ్ వినాయక్ జగతాప్ అనే పేరుతో. జె.వి.ఎన్.ని తిరగేస్తే ఎన్.వి.జె. అదీ కిటుకు. పద్మభూషణ్ ప్రొఫెసరుగారి కథ అని తెలిస్తే బహుమతి ఎటూ ఇచ్చేస్తారు, కథ బావుందో లేదో తెలియదు కదా. మొదటి బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన ప్రొఫెసరే కదా పెదనాన్నా, మరి ఆగమనేవాళ్ళ మాటే నిజమైంది కదా అంటావు. నువ్వు అంటావనే హోయల్ సంగతి ముందే చెప్పాను. పైగా పదవి దొరికినాయన ఆ పదవిని దాచేసి, పేరు లేనివాడిగా కొత్తగా మొదలుపెట్టాడు. నీకు దాచుకోవడానికి ఇంకా పదవే లేదు, ఎంత హాయి!

ఆ తరవాత ఆపకుండా మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల్లో కథలూ, నవలలూ, వ్యాసాలూ రాశారు. యునెస్కో కళింగ పురస్కారం 1996లో వచ్చింది. ఆత్మకథ మరాఠీలో రాసుకున్నారు. కాశీ, కేంబ్రిడ్జి, ముంబై, పుణే అనే నాలుగు ఊళ్ళలో తన లోకం గురించి. దానికి 2014లో సాహిత్య అకాడెమీ పురస్కారం ఇచ్చారు. 2021లో నాసిక్‌లో జరిగిన అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షుణ్ణి చేశారు. కవులూ నవలాకారులూ కూర్చునే పీఠం మీద ఒక ఖగోళ శాస్త్రవేత్త! మన సాహిత్య సభల్లో సైన్సు రాసేవాళ్ళని వెనక వరసలో కూర్చోబెడతాం, అదీ పిలిస్తే. మనకి రాసేవాళ్ళు లేక కాదు. మహీధర నళినీమోహన్ 'క్యాలెండర్ కథ' నువ్వు ఏడో తరగతిలో మా ఇంట్లోనే చదివావు. భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేస్తూనే కొడవటిగంటి రోహిణీప్రసాద్ సైన్సూ రాశాడు, హిందుస్తానీ సంగీతం గురించీ రాశాడు. కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పిన వేమూరి వేంకటేశ్వరరావు అంతదూరాన ఉండి తెలుగులో రాస్తూ వచ్చారు. వీళ్ళెవరూ నీ పెద్దలు చెప్పినట్టు ఆగలేదు.

సంతకం కోసం పిల్లలు ఎగబడితే నార్లీకర్‌గారు పెట్టేవారు కాదు. పోస్టుకార్డు మీద ఒక సైన్సు ప్రశ్న రాసి పంపండి, జవాబు రాసి కింద సంతకం పెడతాను అనేవారు. ఆయన సంతకం కావాలంటే ముందు ప్రశ్న ఆలోచించుకోవాలి. నీకిప్పుడు పోస్టుకార్డులతో పనిలేదు, వాట్సాప్ ఉంది. నీ పిల్లల గ్రూపులో శుభోదయాలు పెట్టేవాళ్ళకి జవాబివ్వకు, ప్రశ్న పెట్టినవాళ్ళకి మాత్రం ఎంత రాత్రయినా ఇవ్వు.

నార్లీకర్‌గారు 1988లో పుణే యూనివర్సిటీ ఆవరణలో ఐయూకా అనే ఖగోళశాస్త్ర పరిశోధన సంస్థ పెట్టారు. అప్పుడు యూజీసీ అధ్యక్షుడు యశ్‌పాల్‌గారు, ఆయనే నార్లీకర్‌గారిని వెనకనుండి తోసింది. చార్లెస్ కొరియా కట్టిన భవనాలు. మధ్య ఆవరణలో గెలీలియో, న్యూటన్, ఐన్‌స్టీన్, వాళ్ళతోపాటు మన ఆర్యభట విగ్రహాలు. నీకు కావలసింది ఆ విగ్రహాలు కాదులే. ఆ సంస్థ పుట్టిందే నీలాంటివాళ్ళ కోసం. మంచి లైబ్రరీ, కంప్యూటర్లు, మాట్లాడుకోవడానికి మనుషులు లేని యూనివర్సిటీ అధ్యాపకులు ఏడాదిలో కొన్నాళ్ళు వచ్చి ఉండి పనిచేసుకుని వెళ్ళొచ్చు. విజిటింగ్ అసోసియేట్లని అంటారు. నీ విషయం ఖగోళానికి దగ్గరిదే కాబట్టి దరఖాస్తు పెట్టు. ఒంటరిగా మూల గదిలో కూర్చుని ఎవరూ పట్టించుకోవడం లేదని నాకు ఫోన్ చెయ్యడం కంటే ఇది నయం. అక్కడే మరాఠీ రచయిత పు.ల. దేశ్‌పాండే పేరుమీద పిల్లల విజ్ఞానకేంద్రం ఉంది. పాత సీసాలూ, స్ట్రాలూ, సైకిల్ ట్యూబు ముక్కలతో బొమ్మలు చేసి చూపించిన అరవింద్ గుప్తా చాలా ఏళ్ళు పనిచేసింది అందులోనే. పరిశోధన గదులున్న ఆవరణలోనే, గోడకి అవతలే.

ఇక మనవాళ్ళతో లంకె అన్నాను కదా. హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బెలూన్ కేంద్రం ఉంది. భూమికి పైన ఎంత ఎత్తుదాకా సూక్ష్మజీవులున్నాయో చూడాలని నార్లీకర్‌గారి పూనికతో 2001లో ఒకసారి, 2005 ఏప్రిల్‌లో మరోసారి అక్కడినుంచి పెద్ద బెలూన్లు ఎగరేశారు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని, అతిశీతలంగా ఉంచిన గొట్టాల్లోకి పట్టి కిందకి తెచ్చారు. పరీక్షలు మన హైదరాబాదు జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీలోనూ, పుణేలోనూ విడివిడిగా చేశారు. ఒకచోట పొరపాటు జరిగితే రెండోచోట బయటపడాలని. రెండోసారి అంతవరకూ ఎవరికీ తెలియని మూడు బాక్టీరియా జాతులు దొరికాయి. ఒకదానికి హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి ఆర్యభట పేరు పెట్టారు. హోయల్‌ పేరెందుకంటే, జీవం అంతరిక్షంలోంచి వచ్చిందని హోయల్ వాదించేవాడు. శిష్యుడికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది, చూడండి మా గురువుగారు చెప్పినట్టే అయిందని చాటుకోవచ్చు. చాటుకోలేదు. ఇవి భూమికి బయటినుంచే వచ్చాయని దీంతో తేలినట్టు కాదు అని ప్రకటనలోనే చెప్పారు. నువ్వు పత్రికకి రాసేటప్పుడు సంపాదకుడు శీర్షికలో "గ్రహాంతర జీవులు దొరికాయి" అని పెడతానంటే వద్దని వాదించు. వినకపోతే వ్యాసం వెనక్కి తీసుకో.

జ్యోతిషం ఊసు లేకుండా ఖగోళం చెప్పలేవు మన ఊళ్ళలో. నువ్వు నక్షత్రం అనగానే ఎవరో ఒకరు చెయ్యి చాపి జాతకం అడుగుతారు. 2001లో యూజీసీ యూనివర్సిటీల్లో జ్యోతిష కోర్సులు పెట్టమంటే నార్లీకర్‌గారు గట్టిగా వ్యతిరేకిస్తూ రాశారు. హైదరాబాదు నుంచి జీవశాస్త్రవేత్త పి.ఎం. భార్గవగారు కోర్టుకెళ్ళారు, సుప్రీంకోర్టుదాకా వెళ్ళి 2004లో ఓడిపోయారు. నార్లీకర్‌గారు రాయడంతో ఆగక ఇంకో పని చేశారు. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ సంస్థతో కలిసి, చురుగ్గా చదివే వంద మంది పిల్లల జాతకాలు, మానసిక ఎదుగుదల లేని వంద మంది పిల్లల జాతకాలు సేకరించారు. ఎవరివెవరివో దాచి, జ్యోతిష్కులకి తలా నలభై ఇచ్చి, ఏ పిల్లవాడు ఏ కోవకి చెందుతాడో చెప్పమన్నారు. జవాబులు పంపినవాళ్ళు ఇరవైయేడు మంది. సగటున నూటికి 46 సరిగ్గా చెప్పారు. రూపాయి బిళ్ళ ఎగరేసినా యాభై వస్తాయి. నలభైలో ఇరవైనాలుగు చెప్పినవాడే అందరిలోకీ మొనగాడు. దీంట్లో నాకు నచ్చిందేమిటంటే, ఆయన ఎవరినీ మూఢులనలేదు. రండి, పరీక్ష పెడతాను అన్నారు. మీ నాయనమ్మతో వాదం పెట్టుకునేటప్పుడు ఇది గుర్తుంచుకో. నువ్వు పోయినసారి ఆవిడతో మాట్లాడిన తీరు నాకు నచ్చలేదు.

ఇంకొక్కటి చెప్పాలి, దీన్ని మగవాళ్ళు రాసే వ్యాసాల్లో సాధారణంగా వదిలేస్తారు. ఆయన ఇన్ని పనులు ఎలా చెయ్యగలిగారంటే ఇంట్లో మంగళగారున్నారు. ఆవిడ గణితం చదివిన మనిషి. ముగ్గురు ఆడపిల్లల్ని పెంచుతూ, పెద్దవాళ్ళని చూసుకుంటూ, 1981లో సంఖ్యా సిద్ధాంతంలో (నంబర్ థియరీలో) పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు, పిల్లలు లెక్కలంటే భయపడకుండా మరాఠీలో పుస్తకాలు రాశారు. 2023లో పోయారు. మన దేశపు మహిళా శాస్త్రవేత్తల అనుభవాల పుస్తకం 'లీలావతీస్ డాటర్స్'లో ఆవిడ రాసుకున్నది చదువు. తన తరంలో చదువుకున్న ఆడవాళ్ళు ఇంటిపనిని ముందు, తమ పనిని తరవాత పెట్టుకున్నారని దాచకుండా చెప్పారు. ఆయన జీవితాన్ని ఆదర్శంగా పెట్టుకునేటప్పుడు నీ వంతు ఆవిడ పక్కన పడకుండా చూసుకో. అల్లుడుగారికి వంట వచ్చని పెళ్ళిచూపుల్లో గొప్పగా చెప్పాడు కదా, ఏదీ, వారానికి మూడు సాయంత్రాలు వంటిల్లు అతనికి అప్పజెప్పు. ఈ ఉత్తరం అతనికి కూడా చూపించు, నేనేం అనుకోను.

నీ పెద్దలతో తగువు పెట్టుకోకు. సరేనండీ అని, నీ పని నువ్వు చేసుకో. పొద్దున్నపూట బుర్ర తేటగా ఉంటుంది, అది పరిశోధనకే ఇవ్వు. క్లాసు చెప్పి వచ్చాక పిల్లలు ఎక్కడ తెల్లమొహం వేశారో ఒక నోటుపుస్తకంలో రెండు ముక్కలు రాసి పెట్టుకో. నీ తెలుగు వ్యాసాలకి విషయాలు అందులోంచే వస్తాయి, ఎక్కడికో వెళ్ళి వెతుక్కోనక్కర్లేదు. నెలకి ఒక్క వ్యాసం చాలు. ప్రమోషను పాయింట్లు దీనికి రావు, వస్తాయని ఆశపడి తరవాత విసుక్కోకు.

మొదటిదానికి విషయం నేనే ఇస్తున్నాను. పైన చెప్పిన రైల్ లెక్క. ఎనిమిది రెట్లెందుకు రావాలో, అంతకి మించి వస్తే ఏమిటో, తొమ్మిదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేలా నాలుగు పేజీల్లో రాయి. సమీకరణం పెట్టాలనిపిస్తే పెట్టు, భయపడకు, కాని దానికి ముందు బొమ్మ గియ్యి. రాసింది నాకు పంపితే నేను చదివి బావుందంటాను, పెదనాన్నని కాబట్టి. అందుకని నేను చదవను. మా ఎదురింటి కుర్రవాడికి ఇస్తాను, వాడికి చదువు కంటే క్రికెట్ మీద ధ్యాసెక్కువ. వాడు ఎక్కడ ఆగి కాగితం పక్కన పెట్టేశాడో అక్కడ పెన్సిల్‌తో గీత గీసి, అదే పేజీ ఫోటో తీసి నీకు పంపుతాను. గీత పైనున్న పేరా మళ్ళీ రాయి.

మీ పెద్దమ్మ అడిగానని చెప్పమంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు అల్లుణ్ణీ తీసుకురా.

మీ పెదనాన్న